కాకినాడ తీరంలో గల్స్ చూసేవాళ్లకి ఈబర్డ్ ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తా, నా లెక్కలో ఐదుకు నాలుగు. ఫ్రీగా దొరికే సర్వీసుకి కూడా మార్కులు కోయడమేంటి అనొచ్చు, కానీ ఆ కోసిన ఒక్క మార్కూ గల్స్, అంటే సముద్రం ఒడ్డున తిరిగే తెల్లటి నీటిపక్షుల దగ్గరే పోయింది. పాలపిట్టలూ లకుముకిలూ చూసుకునేవాళ్లకి ఈ రివ్యూతో పెద్ద పని లేదు, వాళ్లు కళ్లు మూసుకుని వాడేసుకోవచ్చు. చలికాలంలో సముద్రం ఒడ్డున నిలబడి, ఎదురుగా బురద మీద గుంపుగా కూర్చున్న తెల్లటి పక్షుల్ని చూసి ఇవన్నీ ఒకటేనా, వేరేవేరేనా అని తల గోక్కునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ఈబర్డ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. మనం ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు పక్షుల్ని చూశామో, ఏవి ఎన్ని కనిపించాయో లిస్టు రాసి పంపుతాం. ప్రపంచంలో చాలామంది అలాగే పంపుతారు. వాటన్నిటినీ కలిపి ఏ పక్షి ఏ చోట ఏ వారంలో కనిపిస్తుందో చార్టులుగా, మ్యాపులుగా మళ్లీ మనకే చూపిస్తుంది. మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా దీని బాగోగులు చూస్తుంది. పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ కూడా కార్నెల్ వాళ్లదే, కానీ రెండూ ఒకటి కావు. మెర్లిన్ ఇది ఏంటి అన్న ప్రశ్నకి జవాబు వెతుకుతుంది, ఈబర్డ్ ఇది ఇప్పుడు ఇక్కడ ఉంటుందా అన్న ప్రశ్నకి. గల్స్ విషయంలో రెండో ప్రశ్నే ముందు అడగాలి అనేది నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే మన తీరంలో గూడు పెట్టే గల్ జాతి ఒక్కటి కూడా లేదు. అన్నీ చలికాలం గడపడానికి వచ్చేవే. బ్రౌన్ హెడెడ్ గల్ లడఖ్, టిబెట్, పామిర్ ప్రాంతాల ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి ఇటు దిగుతుంది. బ్లాక్ హెడెడ్ గల్ పరిధి ఇంకా పెద్దది, యూరప్ నుంచి కమ్చట్కా దాకా గూళ్లు పెడుతుంది. పల్లాస్ గల్ కాస్పియన్, కజకిస్తాన్, మంగోలియా వైపు నుంచి వస్తుంది. హ్యూగ్లిన్స్ అనే నల్లవీపు రకం ఏకంగా రష్యా ఉత్తర అంచున, ఆర్కిటిక్ ఒడ్డు నుంచి. ఇన్ని దిక్కుల నుంచి వచ్చి మన కాకినాడ బురదమీద పక్కపక్కన కూర్చుంటాయి కాబట్టే తలనొప్పి, కాబట్టే సరదా.

ఈబర్డ్ అసలు బలం ఇక్కడే తెలుస్తుంది. ఎక్స్‌ప్లోర్‌లోకి వెళ్లి బార్ చార్ట్స్ తెరిచి, రాష్ట్రమో జిల్లానో ఒక హాట్‌స్పాటో (అందరూ పక్షులు చూడ్డానికి వెళ్లే ఫలానా చోటు) ఎంచుకుంటే, అక్కడ నమోదైన ప్రతి పక్షి పేరు పక్కనా ఏడాది అంతా ఒక వరుసలో కనిపిస్తుంది. ప్రతి నెలనీ నాలుగు భాగాలు చేసి, ఏ భాగంలో ఎక్కువ లిస్టుల్లో కనిపిస్తే అక్కడ అంత లావు కడ్డీ గీస్తుంది. గల్స్ దగ్గరికి స్క్రోల్ చేస్తే సీజన్ ఒక్క చూపులో అర్థమైపోతుంది. సెప్టెంబరు చివర, అక్టోబరులో సన్నగా మొదలవుతాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిండుగా ఉంటాయి, మార్చిలో పలచబడి ఏప్రిల్‌కి దాదాపు ఖాళీ. ఎండాకాలంలో కూడా ఒకటీ అరా మిగిలిపోతాయి, అవి చాలావరకు ఇంకా గూడు పెట్టే వయసు రాని పక్షులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది కదా, బోట్లు రేవులో కట్టేసే టైముకి వాటి వెనక తిరిగే గల్స్ కూడా చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. రెండిటికీ సంబంధం లేదు, క్యాలెండర్‌లో అలా కుదిరింది, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం బాగుంటుంది.

రాష్ట్రం మొత్తానికి చార్ట్ చూడటం కన్నా హాట్‌స్పాట్ స్థాయిలో చూడటం మంచిది. ఆంధ్రప్రదేశ్ అని పెడితే లోపలి రిజర్వాయర్లు, పులికాట్, విశాఖ హార్బర్ అన్నీ కలిసిపోయి ఒక సగటు బొమ్మ వస్తుంది, అది ఏ ఊరిదీ కాదు. కాకినాడలో రేవు దగ్గర కుంభాభిషేకం అనే బురద తీరం ఉంది, సముద్రపు నీళ్లు వెనక్కి తీసినప్పుడు బురద బయటపడి గల్స్, టెర్న్స్, ఉల్లంకి జాతి పక్షులు, అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్లు కూడా కనిపించే చోటు. బయట హోప్ ఐలాండ్ అఖాతానికి అడ్డంగా ఇసుక తిన్నెలా సాగి ఉంటుంది, దక్షిణాన కోరింగ మడ అడవులు. మూడూ పక్కపక్కనే ఉన్నా మూడింటి చార్టులూ ఒకేలా ఉండవు, ఉండకూడదు కూడా.

ఇక కోసిన మార్కు సంగతి. ఆ లావు కడ్డీని చాలామంది పక్షుల సంఖ్య అనుకుంటారు. అది సంఖ్య కాదు, వంద లిస్టుల్లో ఎన్నిట్లో ఆ పక్షి ఉంది అన్న శాతం. ఒక పల్లాస్ గల్ చూసి రాసినా లిస్టే, రెండొందలు చూసి రాసినా లిస్టే, కడ్డీకి రెండూ సమానం. దీనివల్ల గుంపులుగా వచ్చే పక్షులకి అన్యాయం జరుగుతుంది, గల్స్ అన్నీ గుంపులే. సంఖ్యలు కావాలంటే పక్షి పేరు నొక్కి గ్రాఫుల్లోకి వెళ్లాలి, అక్కడ అబండెన్స్ అనీ, యావరేజ్ కౌంట్ అనీ, హై కౌంట్ అనీ విడివిడిగా ఉంటాయి. అబండెన్స్‌లో ఆ పక్షి కనిపించని లిస్టుల్ని కూడా సున్నాగా కలుపుతారు, యావరేజ్ కౌంట్‌లో కనిపించినవాటినే తీసుకుంటారు. ఈ తేడా తెలియకపోతే ఒకే పక్షికి రెండు గ్రాఫులు రెండు కథలు చెప్తున్నట్టు అనిపించి టెన్షన్ వస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం చార్ట్ పక్కనే రెండు లైన్లలో రాసిపెడితే ఏం పోయింది?

ఇంకోటి, లిస్టులు తక్కువగా ఉన్న వారాల్లో డేటా చాలదని గుర్తు పెట్టి వదిలేస్తుంది. ఇది నిజాయితీగా చేసిన పనే, మెచ్చుకోవాలి. కానీ డేటా చాలని వారం పక్కనే రెండు మూడు లిస్టుల మీద నిలబడ్డ వారం ఉంటే, అందులో ఒక్క లిస్టులో గల్ ఉన్నా కడ్డీ ఎగిరి పడుతుంది. మే, జూన్‌లలో మిట్టమధ్యాహ్నం బురద దగ్గరికి పోయి లిస్టు రాసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? జనవరి దీనికి ఉల్టా. నీటి పక్షుల గణన, అదే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, మన ఉపఖండంలో 1987 నుంచి ఏటా జనవరిలోనే జరుగుతోంది, జనం పనిగట్టుకుని వెళ్లి తలలు లెక్కపెడతారు. కాబట్టి పెద్ద పెద్ద సంఖ్యలు జనవరిలో కనిపిస్తే అది పక్షుల వల్లా, లెక్కపెట్టే మనుషుల వల్లా అని ఒకసారి అనుమానించడం తప్పు కాదు.

ఇప్పుడు గుర్తింపు. ఈబర్డ్ పాఠం చెప్పే సర్వీసు కాదు, అలా అనుకుని వస్తే నిరాశే. కానీ దానికి వెనక మెకాలే లైబ్రరీ అని ఫొటోల గిడ్డంగి ఉంది చూడండి, నా దృష్టిలో గల్స్ నేర్చుకోవడానికి అంతకుమించింది లేదు. జాతి పేరు కొట్టి, ప్రాంతం ఇండియా అని పెట్టి, నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి అని పెట్టి, వయసు దగ్గర ఇమ్మెచ్యూర్ అని ఎంచుకోండి. పుస్తకంలో ఒకటో రెండో బొమ్మలు ఉండే చోట వందల ఫొటోలు వస్తాయి, అన్నీ మనకి కనిపించే నెలల్లో, మనకి కనిపించే వేషంలో ఉన్నవి. చాలా పుస్తకాల్లో పెళ్లికొడుకులా తయారైన పక్షి బొమ్మే పెద్దగా వేస్తారు, మన దగ్గరికి అది ఆ వేషంలో వచ్చేది ఏడాదిలో కొద్ది వారాలే.

చిన్న గల్స్ రెండిటి సంగతే తీసుకుందాం, గొడవంతా అక్కడే. చలికాలంలో బ్రౌన్ హెడెడ్‌కీ తల గోధుమరంగులో ఉండదు, బ్లాక్ హెడెడ్‌కీ తల నల్లగా ఉండదు. రెండిటికీ తెల్ల తల, చెవి దగ్గర ఒక ముదురు చుక్క, ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు. దూరంగా కూర్చున్నప్పుడు ఎంతసేపు చూసినా తేలదు. లేచినప్పుడు చూడాలి. బోటు రేవులోకి వస్తున్నప్పుడో, కుక్క బురదమీద పరిగెత్తినప్పుడో గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది, ఆ కొద్ది సెకన్లే పరీక్ష. పెద్ద వయసు బ్రౌన్ హెడెడ్‌కి రెక్క చివర వెడల్పాటి నలుపు, ఆ నలుపులో కొస దగ్గర కొట్టొచ్చినట్టు తెల్లటి మచ్చలు. బ్లాక్ హెడెడ్‌కి అలా కాదు, రెక్క ముందు అంచు వెంట పొడవాటి తెల్లటి చీలిక మెరుస్తుంది, నలుపు ఈకల చివరల్లో సన్నటి అంచులా మాత్రమే ఉంటుంది. ఒకసారి కన్ను అలవాటు పడితే గుంపు లేవగానే ఆ తెల్లటి చీలిక ఉన్నవి వాటంతటవే విడిపోయి కనిపిస్తాయి.

దగ్గరగా కూర్చున్నది దొరికితే కన్ను చూడండి. పెద్ద బ్రౌన్ హెడెడ్‌కి కన్ను పాలిపోయి ఉంటుంది, దూరం నుంచి కొంచెం కోపంగా చూస్తున్నట్టు అనిపిస్తుంది. బ్లాక్ హెడెడ్‌కి ముదురు కన్ను, మెత్తటి ముఖం, ముక్కు కూడా కాస్త సన్నం. కానీ ఇక్కడో మెలిక, పిల్ల బ్రౌన్ హెడెడ్‌కి కూడా కన్ను ముదురుగానే ఉంటుంది, రెక్కలో ఆ తెల్ల మచ్చలూ ఇంకా రావు. అంటే మనం నమ్ముకున్న రెండు గుర్తులూ మొదటి చలికాలం పక్షి దగ్గర చేతులెత్తేస్తాయి. అప్పుడు నమ్మదగింది ఒక్కటే, రెక్క చివర అంతా నల్లగా నిండి ఉందా, లేక తెల్లటి చీలిక ఏదో రూపంలో ఉందా అన్నది. తోక చివర నల్లపట్టీ, రెక్క మీద గోధుమరంగు ఈకలు ఉంటే అది పిల్ల పక్షి అని ముందు తేల్చుకోండి, తర్వాతే పేరు. వయసు తెలియకుండా గల్ పేరు చెప్పడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఫొటో తీసి ఏదో ఒక యాప్‌లో వేసి అది చెప్పిన మొదటి పేరు రాసేసుకునేవాళ్లకి ఈ సంగతి గట్టిగా చెప్పాలి. రెక్క విప్పని ఫొటోలో ఆ గుర్తు లేకపోతే యాప్ మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది?

సన్నముక్కు రకం, స్లెండర్ బిల్డ్ గల్, గుజరాత్ వైపు ఎక్కువ. మన వైపు ఎవరైనా దాన్ని చూశాం అంటే పొడవాటి మెడ, వాలు నుదురు, దాదాపు మచ్చలేని తెల్ల తల ఫొటోలో కనిపించాలి, లేదంటే నేను నమ్మను.

పెద్ద గల్స్‌లో పల్లాస్‌ది సులువు. గుంపులో మిగతావన్నీ కాకి సైజులో ఉంటే ఇది పక్కన రెండింతలు ఉన్నట్టు నిలబడుతుంది, 60 సెంటీమీటర్లు దాటుతుంది, నుదురు వాలుగా, ముక్కు పొడుగ్గా, మందంగా. పెద్ద పక్షికి పసుపు ముక్కు, చివర్లో నలుపు, ఎరుపు. చిన్నవాటి కన్నా ముందే, జనవరి, ఫిబ్రవరిలోనే నల్ల తల వేసుకోవడం మొదలుపెడుతుంది, నల్లటి తలలో కంటికి పైనా కిందా తెల్లటి నెలవంకలు. పిల్ల పల్లాస్‌కి ఇవేవీ ఉండవు, కానీ కంటి చుట్టూ మసి పూసినట్టు ముదురు నీడ, తెల్ల తోక చివర గీత గీసినట్టు నల్లపట్టీ చూస్తే దొరికిపోతుంది. పూర్తి పెద్దరికం రావడానికి దీనికి నాలుగో ఏడు పడుతుంది, చిన్నవాటికి రెండో ఏడు చాలు. అందుకే పెద్దవాటి ఫొటోలు వెతికేటప్పుడు వయసు ఫిల్టర్ ఇంకా ఎక్కువ అవసరం, కాకపోతే ఇమ్మెచ్యూర్ అన్న ఒక్క డబ్బాలోనే మూడేళ్ల వేషాలూ కలిసి వస్తాయి, అది ఫిల్టర్ చేతకానితనం.

నల్లవీపు రకాలు అసలు ముడి. పాత ఫీల్డ్ గైడ్లలో హ్యూగ్లిన్స్ గల్ అని విడి జాతిగా ఉండేది. ఇప్పుడు ఈబర్డ్‌లో హ్యూగ్లిన్స్, స్టెప్పీ రెండూ లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్ కింద ఉపజాతులు. లిస్టులో ఆ పేరు చూసి ఇది యూరప్ పక్షి కదా, ఇక్కడికెలా వచ్చింది అని కంగారు పడొద్దు. వీపు బాగా ముదురు బూడిదరంగులో ఉంటే హ్యూగ్లిన్స్ వైపు, కొంచెం లేతగా ఉంటే స్టెప్పీ వైపు మొగ్గుతారు, కానీ బూడిదరంగు అనేది వెలుతురు ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది. మన తీరం తూర్పు ముఖం, పొద్దున పూట సూర్యుడు నేరుగా కళ్లలో కొడతాడు, ప్రతి గల్ వీపూ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. వీలైతే సాయంత్రం వెళ్లండి, ఎండ వెనక నుంచి పడుతుంది. నీళ్లు తీసే టైము కూడా సాయంత్రానికి కుదిరిన రోజైతే ఇక చెప్పక్కర్లేదు. ఉపజాతి తేల్చలేకపోతే జాతి పేరుతో ఆగిపోవడానికి ఈబర్డ్ ఏమీ అనుకోదు.

ఆగిపోనివ్వడం అనేదే ఈ సర్వీసులో నాకు బాగా నచ్చింది. జాతి తెలియకపోతే ఊరికే గల్ అని రాసుకునే ఎంట్రీ ఉంది, రెండు దగ్గరి జాతుల మధ్య తేలకపోతే ఈ రెండిట్లో ఏదో ఒకటి అని గీత పెట్టి రాసేవీ ఉన్నాయి. మూడొందల పక్షుల గుంపులో నలభై సరిగ్గా చూసి, మిగతావి దూరంగా ఉంటే, నలభైకి పేరు రాసి మిగతావన్నీ గల్ అని రాయొచ్చు. గుంపు మొత్తానికీ బ్రౌన్ హెడెడ్ అని పేరు పెట్టేయడం మన దగ్గర బాగా అలవాటు, ఆ అలవాటు చార్టుల్లోకి కూడా ఎక్కుతుంది. ఈ గల్‌లో ఎన్ని పెద్దవి, ఎన్ని పిల్లలు అని రాసే పట్టిక కూడా ఉంది, ఎవరూ పెద్దగా నింపరు. నింపితే పిల్ల పక్షులు ఎప్పుడొస్తున్నాయి, ఎండాకాలం ఏ వయసువి ఉండిపోతున్నాయి లాంటివి మనవాళ్లే తేల్చగలరు.

ఆ చోటికీ ఆ నెలకీ అలవాటు లేని పక్షినో, మరీ పెద్ద సంఖ్యనో రాస్తే ఈబర్డ్ ఆపి వివరాలు అడుగుతుంది. తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు చూసి, సందేహం ఉంటే మెసేజ్ పెడతారు. కొందరికి ఇది అవమానంగా అనిపిస్తుంది, నన్నే అడుగుతారా అని. అడగాలి మరి. మే నెలలో బ్లాక్ హెడెడ్ గల్ అని రాసి వివరాల డబ్బాలో "క్లియర్‌గా కనిపించింది" అని కొడితే ఎవరికి ఉపయోగం? రెక్క ముందు అంచు తెలుపు చూశారా, కన్ను ఏ రంగు, పక్కన పోల్చడానికి ఇంకో గల్ ఉందా, ఈ మూడూ రాస్తే చాలు. ఎగురుతున్న ఫొటో ఎంత మసకగా ఉన్నా పెట్టండి, కూర్చున్న అందమైన ఫొటో కన్నా అదే విలువైనది.

కొత్తవాళ్లు టెర్న్‌ని గల్ అనుకోవడం మామూలే. టెర్న్ తోక చీలి ఉంటుంది, ఎగురుతూ ముక్కు కిందికి పెట్టి నీళ్లు వెతుకుతుంది, చాలా జాతులు నీళ్లలోకి దూకుతాయి. గల్ తోక గుండ్రంగా విచ్చుకుంటుంది, హాయిగా నీళ్ల మీద తేలుతుంది, బురదమీద బాగా నడుస్తుంది. ఎర్రటి పెద్ద ముక్కుతో కనిపించే కాస్పియన్ టెర్న్ సైజులో గల్‌ని మరిపిస్తుంది, దాని దగ్గర మాత్రం జాగ్రత్త.

వాడుకలో చిన్న చిన్న సంగతులు. మొబైల్ యాప్‌లో మన ప్రాంతం ప్యాక్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత సిగ్నల్ లేకపోయినా లిస్టు నడుస్తుంది. హోప్ ఐలాండ్ వైపు పడవలో వెళ్తే ఇది చాలా అవసరం. ట్రాక్ ఆన్ చేస్తే తిరిగిన దూరం అదే రాసుకుంటుంది, కాకపోతే బ్యాటరీ తాగేస్తుంది, పవర్ బ్యాంక్ పెట్టుకోండి. కుంభాభిషేకం, కోరింగ, ఉప్పాడ ఒకే రోజు తిరిగినా ఒక్కో చోటికి ఒక్కో లిస్టు పెట్టండి, అన్నీ కలిపి ఒకటే రాస్తే ఆ లిస్టు ఏ హాట్‌స్పాట్ చార్ట్‌కీ పనికిరాదు. చివర్లో గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అడుగుతుంది, గల్స్ కోసమే వెళ్లి కాకుల్నీ కొంగల్నీ వదిలేసి ఉంటే నిజం చెప్పి కాదు అని నొక్కండి.

బైనాక్యులర్ 8x42 చాలు, స్కోప్ ఉంటే కన్ను రంగు దాకా వెళ్లొచ్చు. కెమెరా ఉంటే వరసగా ఫొటోలు తీసే బర్స్ట్‌లో పెట్టి గుంపు లేచే టైముకి వేలు సిద్ధంగా ఉంచుకోండి. ఇంతకీ కొనాల్సింది ఏమీ లేని సర్వీసు కాబట్టి నా సలహా ఒకటే, ఈ అక్టోబరులో బార్ చార్ట్ ఒకసారి తెరిచి చూసి, అందులో ఖాళీగా ఉన్న వారాల్లో వెళ్లండి. నవంబరు ఆదివారాల్లో ఎలాగూ అందరూ వెళ్తారు.